కొండమెట్లు, లడ్డూ ప్రసాదం: యాత్రలో శరీర బరువు గురించి ఒక సమీక్ష

ప్రయాణంలో శరీర బరువును అదుపులో ఉంచుకోవడం ఎలా అన్న ప్రశ్నను సాధారణంగా వ్యక్తి నిగ్రహానికి సంబంధించిన విషయంగానే చర్చిస్తారు. ఏం తినాలి, ఏం తినకూడదు, రోజుకు ఎంతసేపు నడవాలి అన్న సూచనలతో ఆ చర్చ ముగిసిపోతుంది. నిజానికి ప్రయాణికుడి తిండి, నడక, నిద్ర మూడూ అతని ఇష్టం కంటే ప్రయాణపు ఏర్పాట్ల మీద, అంటే దారి ఎలా వేశారు, బండి ఎక్కడ ఆగుతుంది, అన్నం ఏ వేళకు దొరుకుతుంది, నిరీక్షణ ఎన్ని గంటలు సాగుతుంది అన్న వాటి మీద ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. ఈ సంగతిని పరిశీలించడానికి తెలుగు నేల మీద తిరుపతి, చిత్తూరు ప్రాంతాన్ని మించిన చోటు లేదు. 2022 ఏప్రిల్‌లో ఇవి రెండు జిల్లాలుగా విడిపోయినా, తిరుమల, తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం క్షేత్రాలకు వచ్చే యాత్రికులూ, చెన్నై, బెంగళూరుల మధ్య తిరిగే ఉద్యోగులూ లారీ డ్రైవర్లూ, వైద్యం కోసం రాయవెల్లూరు పోయే రోగులూ ఏడాది పొడుగునా దాటిపోయే ఈ సీమ ఒక్కటిగానే ప్రయాణాల సీమ.

ముందుగా ఆరోగ్యకరమైన బరువంటే ఏమిటో చెప్పుకోవాలి. కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. ఆసియా ప్రజల్లో తక్కువ బరువుకే మధుమేహం, గుండెజబ్బులు కనిపిస్తున్నందున, ఈ అంకె 23 దాటినప్పటినుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో సూచించింది. 25 దాటితే ఊబకాయంగానే లెక్కించాలని భారతీయ వైద్యులు 2009లో ఒక అంగీకారానికి వచ్చారు. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఈ లెక్కన సుమారు 66 కిలోల దగ్గర జాగ్రత్త రేఖ, 72 కిలోల దగ్గర ఊబకాయపు రేఖ వస్తాయి. రెండింటి మధ్య దూరం ఆరు కిలోలే కనుక, ఏడాదికి అర కిలో చొప్పున పెరిగే బరువు కూడా పన్నెండేళ్ళలో మనిషిని ఒక రేఖనుంచి రెండో రేఖకు చేరుస్తుంది. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించకూడదన్నది దీనికి తోడైన కొలమానం. తూకం దొరకని ప్రయాణంలో పనికొచ్చేది ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్ మహిళల్లో మూడో వంతుకు పైగా అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారే కనుక, ఈ చర్చ కొద్దిమంది సంపన్నులకు పరిమితమైనది కాదు.

ప్రయాణాలు నిజంగా బరువు పెంచుతాయా అన్నదానికి ఉన్న సాక్ష్యం చిన్నదే గాని స్పష్టమైనది. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటి నుంచి మూడు వారాల విహారయాత్రకు వెళ్ళిన 122 మందిని ముందూ వెనుకా తూచి చూస్తే సగటున 0.32 కిలో పెరుగుదల కనిపించింది. ఆ సంఖ్యను చూసి తేలిగ్గా తీసుకోవచ్చు. కానీ తిరిగి వచ్చిన ఆరు వారాల తర్వాత కూడా ఆ బరువు తగ్గకపోగా, మొత్తం పెరుగుదల 0.41 కిలోకు చేరింది. పండుగ సెలవుల్లో పెరిగిన కొద్దిపాటి బరువు ఏడాది తిరిగేసరికి కూడా ఒంట్లోనే ఉండిపోతోందని 2000 సంవత్సరంలో వెలువడిన మరో అమెరికన్ అధ్యయనం అంతకుముందే చూపింది. ఉద్యోగరీత్యా తిరిగేవారి సంగతి మరింత తీవ్రం: పదమూడు వేల మందికి పైగా ఉద్యోగుల ఆరోగ్య పరీక్షలను పరిశీలించిన 2011 నాటి కొలంబియా విశ్వవిద్యాలయ అధ్యయనం ప్రకారం, నెలకు ఇరవై రాత్రులకు మించి ఇల్లు విడిచి ఉండేవారిలో ఊబకాయం అవకాశం, ఆరు రాత్రుల లోపు తిరిగేవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. అయితే ప్రయాణం ముగిసిన మర్నాడు తూకంలో కనిపించే కిలో, కిలోన్నర అంతా కొవ్వు కాదు. ఉప్పు ఎక్కువైన తిండి నీటిని పట్టి ఉంచుతుంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని వెంటబెట్టుకుంటుంది. ఈ నీటి బరువు నాలుగైదు రోజుల్లో పోతుంది గనుక, తర్వాత కూడా మిగిలినదాన్నే అసలు పెరుగుదలగా లెక్కించాలి.

కారణాల్లో కూర్చోవడం అందరికీ తెలిసినదే. నిద్ర సంగతి అంతగా చర్చకు రాదు. షికాగోలో పన్నెండు మంది యువకుల మీద జరిపి 2004లో ప్రచురించిన ప్రయోగంలో, వరుసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిస్తే, ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను 28 శాతం పెరిగి, కడుపు నిండిందని మెదడుకు తెలిపే లెప్టిన్ 18 శాతం తగ్గింది. రాత్రి బస్సులో వచ్చి, తెల్లవారుజామున సుప్రభాత వేళకు సిద్ధమై, మరుసటి రాత్రి మళ్ళీ బస్సెక్కే యాత్రికుడి నిద్ర సరిగ్గా ఈ ప్రయోగంలోని నిద్రే. అతనికి కలిగే అతి ఆకలి నిగ్రహలోపం కాదు, శరీర ధర్మం. దీనికి తోడు, తరువాతి భోజనం ఎప్పుడో తెలియనప్పుడు మనిషి ఇప్పుడే ఎక్కువ తినిపెట్టుకుంటాడు. అది దొరికాక మళ్ళీ మామూలుగా తింటాడు. దారిలో చేతికందేవి ఎక్కువగా పొట్లాల చిరుతిళ్ళే. కర్మాగారంలో తయారైన అలాంటి ఆహారాన్ని ఇష్టమున్నంత తినమంటే, ఇంటి తరహా ఆహారం తిన్నప్పటికంటే రోజుకు 500 కిలోకేలరీలు అదనంగా తింటారని 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఇరవై మంది మీద చేసిన ప్రయోగంలో తేలింది.

పూర్వపు యాత్రలో సమస్య దీనికి పూర్తిగా తలకిందులు. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, తిరుపతి, కడప మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ ఏ వస్తువులు దొరుకుతాయో, దిగడానికి వసతి ఉందో లేదో రాసిపెట్టడం ముచ్చట కోసం కాదు. వెనుక వచ్చేవారికి అది బతుకు సమాచారం. పల్లకీ మోసే బోయీలతో సహా పరివారమంతా మజిలీలో దిగాక వండుకుంటే తప్ప తిండి లేదు. సామాన్య యాత్రికుడికి సత్రమో, వెంట తెచ్చుకున్న సద్దిమూటో ఆధారం. ఆ మూటలోని పులిహోర, పెరుగన్నం, వేయించిన శనగలు, బెల్లం రెండు మూడు రోజులకు సరిపెట్టుకోవలసినవి. తాళ్ళపాక అన్నమాచార్యుల గురించి మనుమడు చినతిరువేంగళనాథుడు రాసిన చరిత్రలో, బాలుడైన అన్నమయ్య మోకాళ్ళ పర్వతం దగ్గర ఆకలితో సొమ్మసిల్లగా అలమేలుమంగమ్మ ప్రసాదం పెట్టి లేపినట్లున్న కథ అందరికీ తెలిసినదే. భక్తి దృష్టితో దాని అర్థం వేరు. ఆహార చరిత్ర దృష్టితో చూస్తే, కొండదారిలో శరీరం ఖర్చు చేసేదానికి తిండి చాలని కాలపు జ్ఞాపకం అందులో ఉంది. నెయ్యి, చక్కెర నిండిన ప్రసాదం ఆ కాలపు యాత్రికుడికి చికిత్సతో సమానం.

ఈ సమతూకాన్ని మార్చింది రోడ్డు. 1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాక, గంటల తరబడి పట్టిన దారి గంట లోపలికి కుదించుకుపోయింది. వృద్ధులకూ రోగులకూ పసిపిల్లల తల్లులకూ ఆ రోడ్లు చేసిన మేలు మాటల్లో చెప్పలేనిది, దాన్ని తక్కువ చేయడం అన్యాయం. అయితే యాత్రలోంచి నడక తొలగిపోయినప్పుడు, ఆ నడకకు సరిపోయేలా ఏర్పడిన తిండి మాత్రం అలాగే మిగిలింది. పైగా పెరిగింది కూడా: 1985లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన నిత్యాన్నదానం, పూర్వపు చిత్తూరు జిల్లాలోనే పుట్టిన కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరిట 2011లో ప్రారంభమైన భవనంలో ఇప్పుడు అన్నప్రసాదంగా సాగుతోంది. ఆకలితో ఎవరూ కొండ దిగకూడదన్న సంకల్పం నెరవేరడం ఈ సీమ గర్వించదగిన విషయం.

లడ్డూ విషయాన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే అంకెలు స్పష్టంగా దొరికే ప్రసాదం ఇదొక్కటే. తయారీలో ఏ దినుసు ఎంత వేయాలో నిర్ణయించే పట్టికను దిట్టం అంటారు. తరచూ ప్రచురితమయ్యే దిట్టం ప్రకారం 5,100 లడ్డూలకు ఆవునెయ్యి 165 కిలోలు, శనగపిండి 180, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు, వెరసి 803 కిలోల సరుకు పడుతుంది. దీన్ని ఒక్క లడ్డూకు విభజిస్తే నెయ్యి 32 గ్రాములు, చక్కెర, కలకండ కలిసి 80 గ్రాములు, శనగపిండి 35 గ్రాములు వస్తాయి. గ్రాము నెయ్యికి తొమ్మిది, చక్కెరకు నాలుగు, శనగపిండికి మూడున్నర పైచిలుకు కిలోకేలరీల చొప్పున లెక్కించి, జీడిపప్పు, ఎండుద్రాక్షల వాటా కూడా కూడితే ఒక లడ్డూ సుమారు 780 కిలోకేలరీల శక్తినిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాలు, రోజుకు 2,000 కిలోకేలరీలు చాలిన మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలంటున్నాయి. విడిగా కలిపే చక్కెర అదే మనిషికి 50 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఒక్క లడ్డూ ఈ రెండు హద్దులనూ దాటుతుంది.

ఇక నడక లెక్క. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఎత్తు తేడా 700 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. 70 కిలోల మనిషి తన బరువును అంత ఎత్తుకు మోయడానికి జరిగే పని 115 కిలోకేలరీలే అయినా, కండరాలు తాము వాడే శక్తిలో నాలుగో ఐదో వంతును మాత్రమే పనిగా మార్చగలవు కనుక నిజంగా ఖర్చయ్యేది 450 నుంచి 550 వరకు ఉంటుంది. ముందుకు నడిచే దూరానికి మరో 300 చేర్చితే మొత్తం 750, 850ల మధ్య తేలుతుంది. అంటే కాలినడకన కొండెక్కి ఒక లడ్డూను ఒక్కరే పూర్తిగా తిన్నవారికి జమా ఖర్చూ సమానమవుతాయి. బస్సులో ఎక్కి అదే లడ్డూ తిన్నవారికి జమ అంతా మిగులుతుంది. శ్రీనివాస మంగాపురం వైపునుంచి వచ్చే శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే గనుక అక్కడ ఖర్చు ఇంకా తక్కువ.

ఈ లెక్క చూపి లడ్డూ తినడమే తప్పని తేల్చేవారు ప్రసాదమనే వ్యవస్థను గమనించనట్లే. తిరుమల ఆలయ శాసనాల్లో నైవేద్యాల బియ్యం, నెయ్యి, బెల్లం, పెసలు ఎంతెంతో కొలతలతో సహా చెక్కి ఉన్నాయి. ఒక దాత ఏర్పాటు చేసిన తళిగలో, అంటే ఒక నైవేద్యపు వంటకంలో, నాలుగో వంతు దాతకు చెందుతుందనీ, మిగతాది ఎవరెవరికి పంచాలనీ అవి నిర్దేశిస్తాయి. ప్రసాదం పుట్టుకతోనే కొలిచిన వస్తువు, పంచుకునే వస్తువు. ఊరికి తెచ్చిన లడ్డూను చిదిపి ఇంటింటికీ పంచిపెట్టే ఆచారంలో ఒక్కొక్కరి చేతికి వచ్చేది ఇరవై గ్రాములు కూడా ఉండదు. అందులో వంద కిలోకేలరీలు మించవు, మధుమేహం ఉన్నవారు కూడా చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోగలరు. చిక్కు వచ్చింది ఆ పంపకం తగ్గిపోయి, గదిలో, కారులో, తిరుగు బస్సులో ఆకలి వేసినప్పుడల్లా లడ్డూ ఉపాహారంగా మారినప్పుడే. కాబట్టి ఇక్కడ కాపాడుకోవలసింది కొత్త నియమం కాదు, పాత పంపకమే. బరువు గురించిన ఆధునిక సలహాల్లో పరిమాణ నియంత్రణ అని పెద్ద పేరుతో చెప్పేది ఈ ఆచారంలో ఏనాడో ఉంది.

నిరీక్షణ రెండో చిక్కు. దర్శనానికి వైకుంఠం క్యూ కాంప్లెక్సు గదుల్లో గంటల తరబడి కూర్చునేవారికి పాలు, ఉప్మా, పొంగలి, సాంబారన్నం వంటివి అందుతాయి. ఇవి అవసరమైన సేవలే. పసిపిల్లలున్నవారికి వీటిని మించిన ఆసరా లేదు. ఆకలి లేకున్నా చేతికొచ్చింది కాబట్టి తిని, బయటికి వచ్చాక మళ్ళీ పూర్తి భోజనం చేసే పెద్దలు మాత్రం ఒకే పూటను రెండుసార్లు తిన్నవారవుతారు. గదిలో అందినదాన్నే ఆ పూట భోజనంగా లెక్కించుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అన్నప్రసాదం బంతిలో కూడా వడ్డించేవారు అడిగి అడిగి పెడతారు. అన్నం రెండోసారి కాక కూర, సాంబారు, మజ్జిగ రెండోసారి అడగడం అక్కడ ఎవరినీ నొప్పించని పద్ధతి, పారవేయడం కంటే ఎంతో మర్యాదైనది కూడా.

కొండ దిగాక మొదలయ్యేది దారి తిండి. చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరుకు, పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకి పోయే దారుల్లో భోజనశాలలకు కొదవ లేదు. ఉదయం నెయ్యి కారం దోశ, మధ్యాహ్నం అడిగినంత అన్నం, సాయంత్రం బజ్జీ, పునుగులు, మధ్యమధ్య చక్కెర దండిగా వేసిన టీ. ఇదే సీమ రైతుల మామూలు భోజనం వేరు: రాగిసంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు, మజ్జిగ. రాగుల్లో వంద గ్రాములకు పదకొండు గ్రాముల వరకు పీచు ఉంటుంది గనుక కడుపు త్వరగా నిండి ఆకలి ఆలస్యమవుతుంది. కానీ రాగి తింటే బరువు తగ్గుతుందని ఇప్పుడు వ్యాపించిన నమ్మకాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేము. రాగిపిండి శక్తి విలువ వరితో దాదాపు సమానమే, మెత్తగా ఆడించి వండినప్పుడు రక్తంలో చక్కెరనూ పెంచుతుంది. సంగటి మేలు దాని కొలతలో ఉంది: ముద్దగా కట్టి పెడతారు కాబట్టి ఎంత తిన్నదీ లెక్క తెలుస్తుంది, నేతిదోశకు పట్టినంత కొవ్వు దానికి అక్కర్లేదు. రోడ్డు పక్క సంగటి హోటళ్ళు పెరగడం ఆ రకంగా మంచి మార్పే, నాటుకోడి పులుసులో తేలే నూనెను చూసి వడ్డించుకున్నంత వరకు. వేరుశనగ ఈ సీమ పంట. వంద గ్రాములకు 500 కిలోకేలరీలు దాటినా, ఉడికించిన కాయల్ని ఒలుచుకుని తినడంలో జరిగే ఆలస్యం వల్ల పొట్లాల చిరుతిళ్ళకంటే ఎంతో మెరుగు. వేసవిలో గంగమ్మ జాతరకు తిరుపతిలో పోసే రాగి అంబలి, సీసాల్లోని తీపి పానీయాలకు ఏనాటినుంచో ఉన్న ప్రత్యామ్నాయం.

ఇంటి అతిథిగా చేసే ప్రయాణం మరో రకం. అమెరికా నుంచో హైదరాబాదు నుంచో నెల రోజుల సెలవు మీద వచ్చినవారికి ప్రతి ఇంటా విస్తరి వేస్తారు, కొసరి కొసరి వడ్డిస్తారు. వద్దంటే అభిమానాన్ని వద్దన్నట్టే. ఇక్కడ కేలరీల లెక్క చెప్పడం పెద్దల మనసు కష్టపెడుతుంది. రోజుకు ఒక్క ఇంటనే భోజనం ఒప్పుకుని, మిగతా ఇళ్ళలో మజ్జిగో పండో పుచ్చుకుని, మాటలకు ఎక్కువ సమయమిచ్చే పాత మర్యాద ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది.

ప్రయాణంలోనూ లెక్క పెట్టుకుంటూనే ఉండాలా, లేక ఆ కొద్ది రోజులూ వదిలేసి ఇంటికి వచ్చాక సరిచేసుకోవాలా అన్నదాని మీద రెండు వాదాలున్నాయి. బ్రిటన్‌లో 272 మంది మీద జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, క్రిస్మస్ సెలవుల్లో తరచూ తూచుకుంటూ, తిండికి సమానమైన శ్రమ ఎంతో తెలుసుకుంటూ గడిపినవారికీ, మామూలు సమాచార పత్రంతో సరిపెట్టుకున్నవారికీ మధ్య అర కిలో తేడా మొదటివారికి అనుకూలంగా వచ్చింది. గమనిక పనిచేస్తుందన్నది దీన్నిబట్టి రుజువైనట్టే. వదిలేసి తర్వాత సరిచేసుకుందామన్న వాదానికి 2016 నాటి జార్జియా ఫలితమే పెద్ద అడ్డంకి, ఎందుకంటే ఆ సరిచేసుకోవడం ఆరు వారాల్లో కూడా జరగలేదు. అలాగని యాత్రను లెక్కల పుస్తకంగా మార్చనవసరం లేదు. భోజనపు వేళలు రెండైనా తప్పకుండా చూసుకోవడం, దొరికిన చిరుతిండిని ఆ వేళల్లోనే కలుపుకోవడం, బస్సు ఆగిన చోటల్లా దిగి పది నిమిషాలు నడవడం, రెండు రాత్రులు వరుసగా నిద్ర చెడకుండా ప్రయాణాన్ని కుదుర్చుకోవడం అన్నవి తూకం లేకుండానే చేయదగినవి. వీటిలో చివరిదే అన్నిటికంటే ముఖ్యమని చెప్పాలి, సలహాల్లో దానికి చోటు దక్కడం అరుదైనా సరే.

కొండ నడకను బరువు తగ్గించే చికిత్సగా ప్రచారం చేయడం మాత్రం ప్రమాదకరం. ఏడాదంతా కూర్చుని ఉండి ఒక్కరోజు 3,550 మెట్లు ఎక్కడం గుండెకూ మోకీళ్ళకూ పెద్ద పరీక్ష. ఊబకాయం, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుణ్ణి అడిగిన తర్వాతే పూనుకోవాలి, ఛాతీ బిగిసినా తల తిరిగినా మొక్కు గుర్తుచేసుకుని ముందుకు పోకుండా అక్కడే ఆగి సాయం కోరాలి. యాత్ర కుదిరిన రోజునుంచే, కనీసం ఆరు వారాల ముందు, ఇంటి దగ్గర రోజూ అరగంట నడక, వారానికి రెండు మూడు సార్లు మెట్లెక్కడం మొదలుపెట్టినవారికి ఆ ఆరు వారాల నడకే కొండ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడే మధుమేహులు దర్శనమయ్యేదాకా పస్తుండి మెట్లెక్కితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే చేతిలోని కలకండో బెల్లమో వెంటనే నోట్లో వేసుకోవాలి, ఉపవాసం చేయదలచినవారు మందుల మోతాదు గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

తిరిగి వచ్చాక మొదటి వారం సంగతి మిగిలి ఉంది. ఇంట్లో మిగిలిన లడ్డూలు వచ్చిన రోజే పంచివేయడం, మొదటి రెండు రాత్రులూ నిద్రబాకీ తీర్చుకోవడం, మూడో రోజునుంచి మామూలు వేళలకు మామూలు భోజనం చేయడం, ఏడో రోజు ఉదయం ఏమీ తినకముందు ఒక్కసారి తూచుకోవడం, ఆ అంకె బయలుదేరిన నాటి అంకెకు అర కిలో పైన ఉంటే ఆ నెలంతా రాత్రి అన్నంలో ఒక గరిటె తగ్గించి, భోజనం తర్వాత ఇరవై నిమిషాలు వీధిలో నడవడం అన్నవి, నీటి బరువు పోయాక మిగిలిన అసలు పెరుగుదల స్థిరపడకముందే దాన్ని దించడానికి సరిపోతాయి.